రాయి నిలిచిన చోటు



పుచ్చా వాసుదేవ పరబ్రహ్మశాస్త్రి గారి స్మారకంగా ఓరుగల్లులో మాట్లాడటం కొంచెం భయం కలిగించే పని. ఆయన గుంటూరు జిల్లా మనిషి. రాష్ట్ర పురావస్తు శాఖలో శాసన పరిశోధకులుగా ఉద్యోగం చేశారు. కర్ణాటక విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథమే 1978లో కాకతీయుల చరిత్రగా అచ్చయింది. ఇంగ్లీషులో రాసిన ఆ పుస్తకాన్ని పక్కన పెట్టుకోకుండా ఈ రోజుకీ ఎవరూ కాకతీయుల గురించి రెండు పేజీలు రాయలేరు. 1974లో వెలువడిన కరీంనగర్ జిల్లా శాసనాల సంపుటానికి సంపాదకులు ఆయనే. 2016లో కన్నుమూశారు.

ఆయన వృత్తి ఎలాంటిదో ఇక్కడి కుర్రవాళ్ళకు ఒక్క నిమిషం చెప్పాలి. శాసనం చదవడం కళ్ళతో మొదలుకాదు, నీళ్ళ బకెట్‌తో మొదలవుతుంది. ముందు రాతిని కడగాలి. ఏళ్ళ తరబడి పట్టిన నూనె జిడ్డు, పసుపు, సున్నం వదలగొట్టాలి. తడిపిన కాగితాన్ని రాతికి అతికించి బ్రష్షుతో ఓపిగ్గా కొడుతూ పోతే కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. పైన సిరా అద్దితే కాగితం నల్లగా, అక్షరం తెల్లగా తేలుతుంది. ఆరిన కాగితాన్ని చుట్టి చంకలో పెట్టుకుని బస్సెక్కవచ్చు. రాయి ఊళ్ళోనే ఉంటుంది, దాని మాట మాత్రం ఆఫీసుకు వస్తుంది.

ఈ పద్ధతి లేకపోతే మనకు చరిత్రే లేదు. అయితే ఆ కాగితం మీదికి రానిది ఒకటుంది. రాయి ఎక్కడ నిలబడి ఉందో కాగితం చెప్పదు. గుడి ముందా, చెరువు కట్టమీదా, రెండు ఊళ్ళ పొలిమేరలోనా, దారి మలుపులోనా? అందుకే మంచి పరిశోధకుడు కాగితం అంచున ఊరి పేరు, చోటు రాసుకుంటాడు. ఈ ఉపన్యాసమంతా ఆ అంచున రాసుకున్న రెండు ముక్కల గురించే. యుద్ధాలను, చనిపోయినవాళ్ళను, ఊళ్ళను, జాతులను తలచుకోవడానికి మనవాళ్ళు దారుల పక్కన నిలిపిన రాళ్ళలో సగం శాసనం రాతి మీద ఉంటే మిగతా సగం అది నిలిచిన నేల మీద ఉంటుందన్నది వాదన. వాదన చిన్నదే. ఉదాహరణలే ఎక్కువ.

1. గెలిచినవాడి రాయి

ముందు ఇక్కడి నుంచి నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉన్నది. హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం. 1163 జనవరి నాటిది, కాకతీయ రాజు రుద్రదేవుడు వేయించింది. రచించిన కవి అచింతేంద్రుడు. గుడికి దానం ఇచ్చిన సందర్భం పైకి కనిపిస్తుంది గానీ శాసనంలో ఎక్కువ భాగం యుద్ధాలే. దొమ్మరాజును ఓడించడం, మేడరాజును అణచడం, మైళిగిదేవుణ్ణి జయించడం, శత్రువుల పట్టణాలు కాల్చడం వరసగా వస్తాయి.

ఇందులో ఒక ముచ్చట వినాలి. తైలపుడు అనే చక్రవర్తి రుద్రదేవుడి భయంతో అతిసార వ్యాధి పట్టుకుని చచ్చిపోయాడట. ఈ మాట రాతి మీద, గుడిలో, దేవుడి ఎదుట చెక్కించారు. నవ్వండి, తప్పులేదు. ఎనిమిది వందల అరవై ఏళ్ళ కిందటి ఎన్నికల ప్రసంగం అనుకోండి. శత్రువు ఎలా చచ్చాడన్న దాంట్లో కవికి ఎంత ఉత్సాహం ఉందో చూశారా? సొంత సైన్యంలో ఎంతమంది పోయారు, వాళ్ళది ఏ ఊరు అన్న సంగతి మాత్రం ఆ శ్లోకాల్లో వెతికినా దొరకదు.

ఇది నింద కాదు. రాజశాసనం పని అదే. కొత్తగా స్వతంత్రుడైన రాజు, పాత ప్రభువులైన చాళుక్యుల నీడ దాటి వచ్చానని లోకానికి చెప్పుకోవాలి. అందుకు రాజధానిలో కొత్త గుడి, జనం వచ్చే ప్రాంగణం కావాలి. ఇక్కడ చోటు కూడా చెబుతున్నది. యుద్ధాలు జరిగింది ఎక్కడెక్కడో, చాటింపు మాత్రం హనుమకొండలో. గెలిచినవాడి రాయి యుద్ధభూమిలో ఉండనవసరం లేదు. రాజు ఉన్నచోట ఉంటే చాలు.

2. పేరు లేని రాయి

ఇక యుద్ధంలో చచ్చిపోయినవాడి సంగతి. వాడి రాయి ఊరి బయట ఉంటుంది.

తెలంగాణలో ఏ మండలంలో తిరిగినా వీరగల్లులు కనిపిస్తాయి. నిలువెత్తు పలక, మీద మూడు అరలు. కింది అరలో కత్తీ డాలూ పట్టినవాడు, ఒక్కోసారి వాడి చుట్టూ ఆవులు. మధ్య అరలో అప్సరసలు వాడిని చెరో రెక్క పట్టుకుని తీసుకుపోతుంటారు. పై అరలో శివలింగం, పక్కన మొక్కుతున్న అదే వీరుడు. కొసన సూర్యుడు, చంద్రుడు. ఆ రెండూ ఉన్నంతకాలం ఇది ఉండాలని అర్థం. చాలావాటి మీద అక్షరం ముక్క ఉండదు. అక్షరం చెక్కించాలంటే కవి కావాలి, లేఖకుడు కావాలి, డబ్బు కావాలి. బొమ్మకు శిల్పి ఒక్కడు చాలు.

పసుల మందను తోలుకుపోతున్న దొంగలకు అడ్డం పడి చచ్చినవాడు, పులితో కలబడినవాడు, పొలిమేర తగాదాలో పడినవాడు. వీళ్ళ యుద్ధాలు ఏ రాజవంశ చరిత్రలోనూ ఉండవు. కానీ రాయి ఉన్నచోటును బట్టి కొంత ఊహించవచ్చు. ఊరికి ఒకే దిక్కున నాలుగు వీరగల్లులు గుంపుగా ఉంటే ఆ దిక్కు నుంచే ప్రమాదం వచ్చేదని అనుకోవడానికి వీలుంది. ఆ నాలుగింటినీ ఎత్తి మ్యూజియం తోటలో వరసగా నిలబెడితే బొమ్మలు భద్రంగా ఉంటాయి, దిక్కు పోతుంది.

జనం వీటిని ఊరికే వదిలిపెట్టలేదు. పసుపు రాశారు, బొట్టు పెట్టారు, వీరన్న అనో ఇంకో దేవుడి పేరనో పిలిచి మొక్కారు. పేరు మరిచిపోయారు, మొక్కు మరవలేదు. చదువుకున్నవాళ్ళకు ఇది అజ్ఞానంగా తోస్తుంది గానీ, బొట్టు పెట్టిన రాయిని పునాదిలో వేసుకోవడానికి ఏ మేస్త్రీ సాహసించడు. శాఖల రక్షణ చట్టాల కన్నా ముందు నుంచీ పనిచేస్తున్న రక్షణ ఇది.

యుద్ధం జ్ఞాపకం చోటు మారితే ఏమవుతుందో తెలియాలంటే పల్నాటి వైపు చూడాలి. కారంపూడిలో నాగులేటి ఒడ్డున పన్నెండో శతాబ్దిలో జరిగిన పోరులో పడిన వీరులకు అక్కడే వీరుల గుడి ఉంది. ఇప్పటికీ ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని యుద్ధాన్ని రోజువారీగా మళ్ళీ నడుపుతారు. కారంపూడి పక్కనున్న వాగు, మందపోరు మైదానం కళ్ళెదురుగా ఉంటాయి కాబట్టి కథకు పుస్తకం అక్కర్లేదు. అదే కథ ఓరుగల్లు వచ్చేసరికి వీధి పాటగా మారింది. పాత తెలుగు రూపకం క్రీడాభిరామంలో ఇద్దరు మిత్రులు ఈ నగర వీధుల్లో తిరుగుతూ పల్నాటి వీరుల గుళ్ళు, గద్దెపలక మీద గీసిన వీరుల బొమ్మలు చూస్తారు, వాళ్ళ కథ పాడుతుంటే వింటారు. ఎక్కడి నాగులేరు, ఎక్కడి మట్టెవాడ! నేల దూరమైతే దాని లోటు పూడ్చడానికి బొమ్మ, పాట, గుడి మూడూ కావలసి వచ్చాయి.

3. చందుపట్ల

శాస్త్రి గారి పేరు చెప్పుకుని చందుపట్ల సంగతి చెప్పకపోతే ఈ సభ ఊరుకోదు.

నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల చిన్న ఊరు. అక్కడ దొరికిన శాసనం పెద్ద కవిత్వమేమీ కాదు. పువ్వుల ముమ్మడి అనే ఒక బంటు సోమనాథదేవుడికి కొంత భూమి ఇచ్చాడు. ఎందుకు ఇచ్చాడంటే రుద్రమదేవికీ, తన ప్రభువైన సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని. వాళ్ళిద్దరూ శివలోకానికి వెళ్ళారని రాసి ఉంది. తేదీ 1289 నవంబరు చివరి వారానికి సరిపోతుంది.

ఆ ఒక్క తేదీ చరిత్ర పుస్తకాల్లో ఆరేడేళ్ళు కొట్టేసింది. అంతకుముందు రుద్రమ 1295, 96 దాకా పాలించిందని రాసుకునేవాళ్ళు. ఒక సామాన్యుడి దానశాసనం వచ్చి ఆ లెక్క సరిచేసింది. శాస్త్రి గారు దాన్ని ఆధారం చేసుకుని, రుద్రమ చివరి రోజులను తన గ్రంథంలో కొత్తగా రాశారు.

ఇక్కడ ఒక సంగతి నెమ్మదిగా చూడాలి. రుద్రమ యుద్ధంలో చనిపోయిందని ఆ శాసనంలో లేదు. శత్రువు పేరు లేదు. ఆమె మీద తిరగబడిన సామంతుడు కాయస్థ అంబదేవుడి ప్రస్తావన అసలే లేదు. మరి అంబదేవుడితో పోరులో నేలకొరిగిందని ఎలా అంటున్నాం? మూడు ఆధారాలు కలిపి. ఒకటి, రాణీ సేనానీ ఒకేసారి పోయినట్టు ఉంది. రెండు, అంబదేవుడు ఆ మరుసటి ఏడాదే త్రిపురాంతకంలో తన విజయాలు చాటుకుంటూ శాసనం వేయించాడు. మూడు, చందుపట్ల ఉన్న చోటు. అది ఓరుగల్లు కోట లోపల కాదు, త్రిపురాంతకం వైపు పోయే దక్షిణపు దారిలో ఉంది. ఇదే రాయి కోటలో స్వయంభూదేవుడి గుడి దగ్గర దొరికి ఉంటే అక్షరాలు ఒక్కటీ మారకపోయినా ఈ ఊహకు సగం బలం పోయేది.

ఎనభైకి దగ్గరపడిన ఒక మహారాణి చివరి ఆనవాలు ఓ బంటు రాయించిన రాతి మీద మిగలడం వింతే. పట్టాభిషేకాలకు శాసనాలు వేయించే కొలువు ఆ రోజు ఏం చేస్తున్నదో! రాణి పేరు పక్కనే యజమాని పేరూ పెట్టించి, ఉన్నంతలో భూమి ఇచ్చి, ముమ్మడి తన పని తాను చేసుకుపోయాడు.

రెండో ఆనవాలు మనకు ఇంకా దగ్గర. వరంగల్ పక్కన బొల్లికుంటలో పాత ఆలయం పనుల సమయంలో కేంద్ర పురావస్తు శాఖ వాళ్ళు రెండు శిల్పాలను గమనించి 2017లో అవి రుద్రమదేవివని ప్రకటించారు. ఒకదానిలో గుర్రం మీద, తలపై గొడుగుతో రాజఠీవి. రెండోదానిలో అలిసిపోయి ఒరిగి కూర్చున్న స్త్రీ, దగ్గర్లో యముడి వాహనమైన దున్నపోతు. మీద అక్షరాలు లేవు. గుర్తులను బట్టే పోల్చారు. ఒప్పుకోని పండితులకు వాదించే హక్కుంది. అయినా ఈ వక్తకు ఆ రెండో శిల్పం మీద మమకారం. గెలుపు బొమ్మలు ఎన్నో ఉన్న నేల మీద, అలిసిన రాణిని చెక్కాలని ఒక శిల్పికి తోచింది కదా.

4. రాయే లేని స్మారకం

మేడారం సంగతి క్లుప్తంగా. సమ్మక్క సారలమ్మల కథలో కాకతీయులు శత్రువులు. పన్ను కట్టలేదని ఓరుగల్లు సైన్యం కోయల మీదికి వచ్చింది, పగిడిద్దరాజు, సారలమ్మ, జంపన్న పోరాడి చనిపోయారు, సమ్మక్క చిలుకలగుట్ట వైపు వెళ్ళి కుంకుమ భరిణెగా మిగిలింది. దీనికి సమకాలీన శాసనం లేదు. కోయల నోట మిగిలిన కథ ఇది.

విగ్రహం లేదు, శిలాఫలకం లేదు. గద్దెలు, వెదురు, భరిణె. రెండేళ్ళకోసారి మాఘంలో వచ్చే జనాన్ని లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. వీటన్నిటికన్నా గట్టి స్మారకం ఇంకోటుంది. సంపెంగ వాగును జంపన్న వాగు అన్నారు. ఓడిన జాతి, తన యోధుడి పేరును ప్రవహించే నీటికి పెట్టింది. హనుమకొండ శాసనాన్ని చదవగలిగినవాళ్ళు ఈ హాల్లో పదిమంది ఉంటే ఎక్కువ. జంపన్న పేరు ములుగు బస్సు కండక్టర్ రోజూ పిలుస్తాడు.

5. గడి ముందు, రోడ్డు వారన

ఇక మన తాతల కాలం.

1946 జూలై 4న కడవెండిలో, దొరలకు ఎదురు తిరిగిన రైతుల సంఘం ఊరేగింపు విసునూరు దేశ్‌ముఖ్‌ల గడి దగ్గరికి వచ్చేసరికి లోపలి నుంచి తుపాకులు పేలాయి. దొడ్డి కొమురయ్య అక్కడికక్కడే చనిపోయాడు. అతన్ని తెలంగాణ సాయుధ పోరాటంలో తొలి అమరుడు అంటాం. కడవెండిలో స్తూపం ఉంది. ఆ స్తూపాన్ని చూసి గడి ఎటువైపు ఉండేదో ఊరివాళ్ళను అడగాలి. స్తూపం నుంచి గడికి ఎంత దూరమో కాళ్ళతో కొలిస్తే, ఆ రోజు జనం ఎంత దగ్గరికి వెళ్ళగలిగారో అర్థమవుతుంది. అప్పటిదాకా ఆ గడి ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచినవాళ్ళు వాళ్ళు.

తొలి అమరుడన్న మాట దగ్గర కొంచెం ఆగుదాం. అంతకు కొన్నేళ్ళ ముందే, అదే దేశ్‌ముఖ్ మనుషుల చేతిలో షేక్ బందగీ చనిపోయాడు. చిన్న రైతు. తన భూమి కోసం దొరను కోర్టుకీడ్చి నిలబడ్డాడు. జనగామ, సూర్యాపేట రోడ్డు వారన కామారెడ్డిగూడెం దగ్గర అతని సమాధి ఉంది. సుంకర, వాసిరెడ్డి 1947లో రాసిన ‘మా భూమి’ నాటకానికి మూలం ఇతని కథే. కొమురయ్య జెండా వెనక నడుస్తూ చనిపోయాడు, బందగీ కాగితాల సంచితో ఒంటరిగా పోరాడి చనిపోయాడు. స్తూపాల వరసలో ఒకరిది మొదటి పేరయింది. రెండోవారి సమాధికి హిందువులు, ముస్లింలు కలిసి మొక్కారు. ఏది పెద్ద గౌరవమో ఎవరి లెక్క వాళ్ళది.

బైరాన్‌పల్లి వేరే తరహా. అక్కడ స్తూపం కన్నా ముందు నుంచీ బురుజు ఉంది. ఊరి నడుమ ఎత్తుగా, గుండ్రంగా ఉండే మట్టీ రాయీ కట్టడం. రజాకార్ల దాడులను ఊరివాళ్ళు రక్షక దళం కట్టుకుని, దాని మీద కాపలా ఉండి, ఒకటికి రెండుసార్లు తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న తెల్లవారుజామున పెద్ద బలగం వచ్చింది. బురుజు మీదున్నవాళ్ళను చంపారు. దొరికినవాళ్ళను వరసలో నిలబెట్టి కాల్చారు. నిజాం రాజ్యం మీద భారత సైనిక చర్య మొదలవడానికి సరిగ్గా పదిహేడు రోజుల ముందు. చనిపోయినవాళ్ళ లెక్క ఒక్కో పుస్తకంలో ఒక్కోలా, ఎనభై పైనుంచి నూట పదిహేను దాటేదాకా ఉంటుంది. ఒక ఊళ్ళో, ఒకే పొద్దున పోయిన ప్రాణాలను కూడా మనం ఒక్క అంకెకు తేలేకపోయాం. పేర్ల పట్టిక ఒకటి తయారై, ఆ పేర్లన్నీ బురుజు కింద ఉంటే లెక్క తనంతట తనే వచ్చేది.

పరకాల మరో రకం. 1947 సెప్టెంబరు 2న జాతీయ జెండా ఎగరేయడానికి చుట్టుపక్కల ఊళ్ళ జనం అక్కడికి చేరారు. నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. ఇరవై రెండు మంది చనిపోయారని చెబుతారు. అప్పటికి మిగతా దేశానికి స్వాతంత్ర్యం వచ్చి మూడు వారాలు కూడా నిండలేదు. 2003లో అక్కడ అమరధామం కట్టించారు, శిల్పాలతో ఆ రోజును చూపించారు. కట్టించినవాళ్ళకు కృతజ్ఞత చెప్పాల్సిందే. ఒక్కటే అభ్యంతరం. పరకాలను దక్షిణ భారత జలియన్‌వాలాబాగ్ అని పిలుస్తూ ఉంటాం. దూరంవాళ్ళకు తేలిగ్గా తెలియడానికి పనికొచ్చే మాటే. కానీ పరకాలకు పరకాల అనే పేరు ఉంది. అమృత్‌సర్ నుంచి అరువు తెచ్చుకుంటే ఇక్కడి కాల్పులు అక్కడి కాల్పుల నకలులా వినిపిస్తాయి. చంపింది తెల్ల దొర కాదు, సొంత రాజ్యం పోలీసులు. ఆ తేడా పేరులోనే పోతున్నది.

వరంగల్ కోటలోనే జెండా కోసం 1946 ఆగస్టు 11న బత్తిని మొగిలయ్య ప్రాణం ఇచ్చాడు. కాకతీయ తోరణాలను చూడటానికి వచ్చే పర్యాటకులు ఫొటోలు దిగి వెళ్ళిపోతారు. పదమూడో శతాబ్దం కోసం వచ్చినవాళ్ళ కాళ్ళ కింద ఇరవయ్యో శతాబ్దం కూడా ఉందని చెప్పేవాళ్ళు కావాలి. కోట దగ్గర బాగా కనిపించేది రక్షిత కట్టడం అనే నీలి బోర్డు. దాన్ని పాడుచేస్తే రెండేళ్ళ జైలు, లక్ష రూపాయల దాకా జుర్మానా అని ఉంటుంది. అవసరమే. కాకపోతే కథకన్నా ముందు శిక్ష చదివించే దేశం మనది.

ఇంకో జబ్బు ఉంది, అది అన్ని పార్టీలదీ. స్తూపం ముందు కొత్తగా పెట్టే ఆవిష్కరణ ఫలకం. పైన ముఖ్య అతిథి, ఆ కింద గౌరవ అతిథులు, సభాధ్యక్షులు, కాంట్రాక్టర్. చనిపోయినవాళ్ళ పేర్లు ఉంటే చివర్లో, చిన్న అక్షరాల్లో. హనుమకొండ శాసనం నుంచి మనం నేర్చుకున్నది ఇదొక్కటేనేమో అనిపిస్తుంది. తేడా ఏమిటంటే అచింతేంద్రుడికి ఛందస్సు వచ్చు.

మాటలు కూడా మారుతుంటాయి. నిజాం లొంగిపోయిన సెప్టెంబరు 17ను ఒకరు విమోచన అంటారు, ఒకరు విలీనం అంటారు, ఇంకొకరు విద్రోహం అంటారు, 2022లో సమైక్యతా దినమూ అయింది. ఏ పార్టీ కట్టించిన స్తూపమో దాని మీది ఒక్క మాటను బట్టి చెప్పేయవచ్చు. మాట మీద కొట్లాట ఆగదు, ఆగనవసరమూ లేదు. చోటు మీద మాత్రం కొట్లాట లేదు. కడవెండి గడి ఎవరికైనా ఒకచోటే ఉంది.

చోటు అంటే చిరునామా అనుకునే ప్రమాదం కూడా ఉంది. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టాక వరంగల్ జిల్లా అని చెక్కిన ఎన్నో రాళ్ళ చిరునామా తప్పయిపోయింది. బైరాన్‌పల్లి సిద్దిపేటకు, కడవెండి జనగామకు వెళ్ళాయి. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. పోస్టుమేన్‌కే తికమక. వాగు, గుట్ట, చెరువు, గడి పేర్లతో చోటు చెప్పిన పాత శాసనాలు ఈ గొడవలో చెక్కుచెదరలేదు. భూమి ఇచ్చినప్పుడు తూర్పున ఏ మర్రి, పడమట ఏ కాలువ అని రాసిన ఆ లేఖకులకు పరిపాలనా సంస్కరణల సంగతి ముందే తెలిసినట్టుంది.

6. పేల్చేసిన స్తూపం, వెడల్పయిన రోడ్డు

చోటుకు ఎంత బలం ఉందో ఇంద్రవెల్లి చెబుతుంది. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్కలో పదమూడు మంది చనిపోయారు, జనం లెక్క దానికి ఎన్నో రెట్లు. 1983లో అక్కడ స్తూపం లేచింది. 1986లో ఎవరో దాన్ని పేల్చేశారు. ఆ మరుసటి ఏడాదే మళ్ళీ కట్టారు, అదే చోట. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళపాటు ఏప్రిల్ 20 వస్తే ఆ దారిలో నిషేధాజ్ఞలు, పోలీసు పికెట్లు. చనిపోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళు దూరం నుంచే దండం పెట్టుకున్నారు. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి స్వయంగా వెళ్ళి అక్కడ నివాళి అర్పించారు. ఆ నలభై మూడేళ్ళలో స్తూపం పడింది, లేచింది, దాని ముందు నిలబడేవాళ్ళు మారారు. చోటు ఒకటే కాబట్టి ఆ మార్పు కనిపించింది.

చోటుకు గుర్తు పెట్టే పని ఇతర దేశాల్లో రెండు రకాలుగా చేశారు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం 1927 నుంచి హైవేల పక్కన చరిత్ర ఫలకాలు పెడుతున్నది. కారు నడిపేవాడు ఆగి చదవాలి కాబట్టి నాలుగైదు వాక్యాలకు మించకూడదు. ఆ నాలుగు వాక్యాల్లో ఏ యుద్ధంలో ఎవరి పేరు చేరాలన్న తగాదా వాళ్ళకూ తెమలలేదు. జర్మనీ కళాకారుడు గుంటర్ డెమ్నిగ్ ఇంకో దారి పట్టాడు. నాజీలు చంపినవాళ్ళ పేరుతో పది సెంటీమీటర్ల ఇత్తడి పలక, వాళ్ళు చివరిసారి తమ ఇష్టంతో నివసించిన ఇంటి ముందు కాలిబాటలో. 2023 నాటికి లక్ష పలకలు దాటాయి. దండలు వేయడానికి అందులో చోటే లేదు. చదవాలంటే తల వంచాల్సిందే.

మన దగ్గర సమస్య చదివేవాళ్ళు లేకపోవడం ఒక్కటే కాదు, రోడ్డు వెడల్పు కూడా. రెండు వరసల దారి నాలుగు వరసలవుతుంది. కిలోమీటరు రాయి, వేప చెట్టు, సమాధి, వీరగల్లు, బొడ్రాయి అన్నీ ఒకే పటంలో అడ్డంకులుగా గీతల కిందికి వస్తాయి. గుడికైతే మాట్లాడటానికి కమిటీ ఉంటుంది. పేరు లేని వీరుడి తరఫున ఎవరు మాట్లాడాలి? తీయక తప్పనప్పుడు తీయవచ్చు, ఈ వక్త రోడ్లకు శత్రువు కాదు. కానీ తీసేముందు రాయి ఉన్న చోటు కొలిచి, అది ఏ దిక్కుకు తిరిగి ఉందో రాసి, కొత్త చోట ఆ సంగతి ఒక్క వాక్యంలో చెక్కితే ఖర్చెంత? ఇక్కడికి ఇన్ని గజాల ఉత్తరాన ఉండేది అని. ఆవిష్కరణ సభకయ్యే పూలదండల ఖర్చులో తీరిపోతుంది.

కొత్తగా పెట్టేవాటికీ ఇదే. పశ్చిమ గోదావరి జిల్లాలో మాధవరం అని ఒక ఊరుంది. ఇంటికో సైనికుడు ఉన్న ఊరని మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ అక్కడివాళ్ళు సైన్యంలోకి పోతూనే ఉన్నారు. తమ ఊరి యుద్ధ స్మారకం తామే కట్టుకున్నారు. ఫ్రాన్స్‌లోనో బర్మాలోనో పోయినవాడికి సొంత ఊళ్ళో రాయి పెట్టడం అంటే చోటు మారిన జ్ఞాపకమే, కారంపూడి కథ ఓరుగల్లుకు వచ్చినట్టు. వాడు ఏ దేశం మట్టిలో ఉన్నాడో, ఏ వీధి నుంచి బయలుదేరాడో రెండూ ఆ రాయి మీద ఉండాలి.

ఇంకా మన రాళ్ళ మీదికి రావలసినవాళ్ళు చాలామంది ఉన్నారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మకు విగ్రహం వచ్చింది, మంచిదే. ఆమె కౌలుకు తీసుకుని, దొర గూండాలు కోసుకుపోకుండా సంఘంతో కలిసి కాపాడుకున్న నాలుగెకరాల పొలం గట్టు మీద ఒక చిన్న పలక ఉంటే ఇంకా మంచిది. దళాలకు రాత్రిపూట అన్నం వండి పొలాల్లోకి మోసినవాళ్ళకు, గుత్పలు పట్టి నడిచిన పాలేర్లకు, వెట్టి చేయబోమని నిలబడ్డ మాదిగ, మాల, మంగలి ఇళ్ళవాళ్ళకు ఏ చోటు గుర్తుగా పెట్టాలో ఆ ఊళ్ళలో ముసలివాళ్ళకే తెలుసు. ఆ ముసలివాళ్ళకు ఇప్పుడు ఎనభై దాటింది.

కాబట్టి వెనక వరుసల్లో కూర్చున్న విద్యార్థులకు ఒక పని. వచ్చే ఆదివారం ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళండి. పొలిమేరలో, చెరువు కట్టమీద, బస్టాండు వెనక ఏదో ఒక రాయి ఉంటుంది. ఊరివాళ్ళు దాన్ని ఏ పేరుతో పిలుస్తారో అడిగి రాసుకోండి. పండితులు పెట్టే పేరు తర్వాత చూద్దాం. దానికి ఏడాదిలో ఏ రోజు కొబ్బరికాయ కొడతారో అడగండి. ఎటు తిరిగి ఉందో చూడండి, ఆ దిక్కున ఏముందో చూడండి. పసుపు గీకకండి, అది వాళ్ళది. చివరగా సెల్‌ఫోన్‌తో ఫొటో తీస్తారు కదా, అక్షరాల కోసం దగ్గర నుంచి ఒకటి తీయండి. తర్వాత పది అడుగులు వెనక్కి వెళ్ళి ఇంకోటి తీయండి. అందులో రాయి చిన్నగా పడినా ఫరవాలేదు. పక్కనున్న చెట్టు, చెరువు, రోడ్డు, దూరంగా ఊరి మొదటి ఇల్లు పడాలి.